కొసరు చిప్ప

మూడో బస్తా మూతి విప్పి చిప్పల్ని కొట్లో గట్టు మీదికి కుమ్మరించేసరికి ఒనేజిమ్ నడుము పట్టేసింది. పట్టేసిన నడుముతోనే కాసేపు అలాగే వంగి నిలబడ్డాడు. అలా నిలబడితే చూసేవాళ్ళకి పని చేస్తున్నట్టే ఉంటుంది, ఎవరూ ఏమీ అడగరు. ముప్ఫై నాలుగేళ్ళ నిలువుకాళ్ళ ఉద్యోగంలో నేర్చుకున్న కిటుకుల్లో అదొకటి.

బస్తాలోంచి ఉప్పు వాసన, బురద వాసన కలిసి లేచాయి. నిన్న సాయంత్రం దాకా నది సముద్రంలో కలిసేచోట నీళ్ళ అడుగున ఉన్న ఆల్చిప్పలవి. ఒక్కొక్కటీ అరచేయంత, గరుగ్గా, బూడిద రంగులో ఉంది. దారిలో కనపడితే రాయనుకుని దాటిపోతాం. ఒనేజిమ్ వాటిని రెండేసి చేతుల్లోకి తీసుకుని ఒకదానితో ఒకటి తట్టి వింటున్నాడు. లోపల ప్రాణం ఉన్నదైతే గట్టిగా పలుకుతుంది. చచ్చినదైతే డొల్లగా మోగుతుంది. డొల్లది కాలి దగ్గర బకెట్లోకి, గట్టిది మంచు మీదికి. ఇది చెవి చేసే పని కాబట్టి కళ్ళు ఖాళీగానే ఉంటాయి, వీధి తలుపుకేసి చూస్తుంటాయి.

అరవై నాలుగేళ్ళ మనిషి. వెడల్పాటి భుజాలు, పొట్టి మెడ, నెరిసినా శ్రద్ధగా కత్తిరించుకున్న మీసం. ఎడమ అరచేతి నిండా గీతలు. వాటిలో పుట్టుకతో వచ్చినవేవో, కత్తి గీసినవేవో ఇప్పుడు చెప్పడం కష్టం. ఒంటి మీద నల్లటి రబ్బరు ఏప్రన్. దాని మెడపట్టీ ఒకచోట తెగితే తెల్లటి మందపు దారంతో కుట్టి ఉంది. ఏప్రన్ అడుగు రెండుసార్లు చీలి అతుకులు పడింది గానీ, పదకొండేళ్ళయినా ఆ కుట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

ఒక చిప్పని పక్కకి తీశాడు. తట్టాడు. విన్నాడు. చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ తట్టాడు.

"ఏంటి బాబాయ్, అన్నిసార్లు తడుతున్నావ్? తలుపు తీస్తుందనా?" అన్నాడు పక్కనున్న టైరెల్. నలభై ఏళ్ళవాడు, ఇదే గట్టు వెనక ఒనేజిమ్‌తో పాటు చిప్పలు విప్పుతాడు. చేతికంటే నోరు చురుకు. ఈ పనిలో అదీ అవసరమే.

ఒనేజిమ్ ఆ చిప్పని తన ఎడమపక్క, మిగతావాటికి దూరంగా, మంచులో ఒక మూలకి గుచ్చిపెట్టాడు.

టైరెల్ నవ్వు ఆగిపోయింది. "ఇవాళేనా ఆవిడ వెళ్ళేది?"

"మధ్యాహ్నం. మేనకోడలు కారు తెస్తుంది. హ్యూస్టన్‌కి."

"మరి ఆ చిప్ప..." అంటూ టైరెల్ గడ్డంతో గోడవైపు చూపించాడు. అక్కడ ఒక పలక వేలాడుతోంది. లివర్ జబ్బున్నవాళ్ళు పచ్చి ఆల్చిప్పలు తింటే ప్రాణాపాయం అని దాని మీద రాసి ఉంటుంది. ప్రతి సోమవారం దాని మీది దుమ్ము తుడిచేది ఒనేజిమే. "పచ్చిది పెట్టవు కదా బాబాయ్?"

"నీ బస్తా చూసుకోరా. సగం బురదే ఉంది."

పదిన్నరకి తలుపులు తీశారు. ఆగస్టు ఎండ లోపలికి వచ్చి గట్టు దాకా పాకింది. న్యూ ఆర్లీన్స్‌లో ఇలాంటి కొట్లు వీధికొకటి ఉంటాయి. కుర్చీలుండవు, బల్లలుండవు. పొడుగాటి పాలరాతి గట్టు, దాని వెనక మంచు, మంచు వెనక కత్తి పట్టుకున్న మనిషి. వచ్చినవాళ్ళు గట్టుకి ఆనుకుని నిలబడి, చిన్న కాగితం గిన్నెలో ఎవరి సాస్ వాళ్ళే కలుపుకుని, అతను విప్పి ముందుకి నెట్టింది నెట్టినట్టే తిని, ఉప్పు బిస్కెట్టు కొరికి, వెళ్ళిపోతారు. ఈ కొట్లో మాత్రం జూన్ నుంచి గట్టు చివర ఒక ఎత్తు స్టూలు వెలిసింది. అది ఒడాలీ కోసం. యజమానిని ఒనేజిమ్ ముప్ఫై నాలుగేళ్ళలో అడిగింది ఆ స్టూలు ఒక్కటే.

మొదట ఉత్తరాది జంట ఒకటి వచ్చింది. పెళ్ళయి ఎన్నో రోజులు అయినట్టు లేదు. ఒనేజిమ్ కత్తి అందుకోబోయే ముందు ఇద్దరి కళ్ళలోకీ ఒకసారి చూశాడు. తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. అప్పుడు చిప్పని సీసపు దిమ్మకి ఆనించి, కీలు దగ్గర కత్తి మొన దూర్చి, మణికట్టు ఒక్కసారి తిప్పాడు.

"ఇది బతికుందా?" అంది ఆ అమ్మాయి.

"మీరు పలకరిస్తే పలకదు గానీ, బతికే ఉందమ్మా."

అమ్మాయి కళ్ళు మూసుకుని మింగింది. కళ్ళు తెరిచి ఇంకోటి అడిగింది. అలాంటప్పుడు ఒనేజిమ్‌కి ఇప్పటికీ సంతోషంగానే ఉంటుంది. పన్నెండు అయ్యాక పదమూడోది విప్పి ముందుకి నెట్టాడు.

"మేం డజనే చెప్పాం," అన్నాడు కుర్రాడు కంగారుగా.

"ఇది కొసరండీ. దీనికి బిల్లుండదు."

ఈ ఊళ్ళో కొసరు లేకుండా బేరం ముగియదు. రొట్టెలవాడు ఒక బన్ను, పూలవాడు ఒక రెమ్మ, ఆల్చిప్పలవాడు ఒక చిప్ప. డజను కొట్టుది, కొసరు విప్పినవాడి చేతిది. ఇవ్వకపోతే పిసినారి అంటారు. ఇస్తే వద్దనడం అంతకంటే అమర్యాద. ఊళ్ళో పుట్టినవాళ్ళెవరూ అనరు.

ఒడాలీ మొదటిసారి ఈ గట్టు దగ్గర నిలబడి ఇరవై తొమ్మిదేళ్ళయింది. కెనాల్ వీధిలో పెద్ద బట్టల దుకాణంలో కొన్నవాళ్ళ ఒంటికి తగ్గట్టు గౌన్లు, కోట్లు సరిచేసి కుట్టే గదిలో పనిచేసేది. శుక్రవారం పదకొండున్నరకి వచ్చేది. డజను పచ్చివి, ఒక నిమ్మబద్ద. సాస్ కలుపుకునేవాళ్ళని చూసి "ఆ టమాటా గుజ్జు తినడానికి ఇంత దూరం రావాలా?" అనేది, వాళ్ళకి వినపడేలాగే. కొట్టువాళ్ళ ఫోర్కు ముట్టుకునేది కాదు. సంచిలోంచి రుమాలు తీసి, అందులో చుట్టిన వాళ్ళమ్మ వెండి ఫోర్కు తీసేది. మూడు పళ్ళ చిన్న ఫోర్కు. తిన్న చిప్పని తిన్నట్టే బోర్లించేది. పదమూడూ బోర్లించాక ఫోర్కు తుడిచి, రుమాల్లో చుట్టి, "బతికించావు నాయనా" అని వెళ్ళిపోయేది. భర్త పోయినా ఆ వేళ మారలేదు, ఉద్యోగం మానేసినా మారలేదు.

తుఫానుకి ఊరు మునిగినప్పుడు కొట్టు ఏడు నెలలు మూతపడింది. ఆమె ఉందో పోయిందో ఒనేజిమ్‌కి తెలియలేదు. ఎవరిని అడగాలో కూడా తెలియలేదు. ఫోన్ నంబరు లేదు, ఇల్లెక్కడో తెలియదు. మళ్ళీ తెరిచిన మొదటి శుక్రవారం పదకొండున్నరకి తలుపు తోసుకుని వచ్చి, "నా చోటు ఎవరికీ ఇచ్చెయ్యలేదు కదా?" అంది. ఒనేజిమ్ గుడ్డ తీసుకుని, శుభ్రంగా ఉన్న గట్టునే చాలాసేపు తుడిచాడు.

ప్రేమ అందామంటే, ఆ మాట ఒనేజిమ్ తనలో తాను కూడా ఎప్పుడూ అనుకోలేదు. ఇద్దరి మధ్యా ఎప్పుడూ రెండడుగుల పాలరాయి ఉంది. ఆమె ఏ చెప్పులు వేసుకుంటుందో అతను చూడలేదు, అతని కాళ్ళు ఆమె చూడలేదు. శుక్రవారం పొద్దున లేవగానే మాత్రం మీసం కత్తిరించుకునేవాడు.

కొసరు మానేసిన కాలం ఒకటుంది. తుఫాను తర్వాత రెండో ఆగస్టు అది, ఊరంతా మళ్ళీ కట్టుకుంటున్న రోజులు. ఫిలిబేర్ అనే తాపీ మేస్త్రీ బట్టల నిండా సున్నంతో వచ్చి, నిప్పుల మీద కాల్చినవి డజను చెప్పాడు. వెన్న, వెల్లుల్లి వేసి కాల్చుకొచ్చారు. తిన్నాడు. ఒనేజిమ్ చెయ్యి అలవాటు కొద్దీ పదమూడోది విప్పి పచ్చిదే ముందుకి నెట్టింది. మేస్త్రీ దానికేసి ఒక్క క్షణం చూశాడు. తర్వాత నవ్వి, "కొసరు కాదంటే మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి తంతుంది" అని మింగేశాడు. పనికి వేళవుతోందని హడావిడిగా వెళ్తూ టోపీ మరిచిపోయాడు.

మరుసటి శుక్రవారం ఆయన భార్య టోపీ కోసం వచ్చింది. "లివర్ పాడైందని పచ్చివి మానేశాడు నాయనా, ఒట్టేసి మానేశాడు. మరి ఎక్కడ తిన్నాడో, రెండు రోజుల్లో పోయాడు" అంది. ఒనేజిమ్ టోపీ రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆమె తీసుకుని వెళ్ళిపోయింది. మేస్త్రీ తిన్న రోజూ, భార్య వచ్చిన రోజూ కూడా గట్టు దగ్గర ఒడాలీ ఉంది. చూసింది ఆమె ఒక్కతే. ఎవరికీ చెప్పలేదు.

ఏడాదిపాటు ఒనేజిమ్ ఎవరికీ కొసరు పెట్టలేదు. పిసినారి అన్నారు, పడ్డాడు. చివరికి ఒక శుక్రవారం ఒడాలీ ఫోర్కుతో గట్టు మీద కొట్టి, "నా పదమూడోది ఏదయ్యా? నా లివర్ నిక్షేపంలా ఉంది, ఇయ్యి" అంది. ఇచ్చాడు. అప్పటినుంచి కత్తి పట్టేముందు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం అలవాటైంది.

ఆ అలవాటే మొన్న మార్చిలో ఒడాలీ కళ్ళలో పసుపు చూపించింది. కిటికీ వెలుగేమోనని ఆమెను ఇటు తిరగమన్నాడు, అటు తిరగమన్నాడు. "నువ్వెప్పుడు డాక్టరువయ్యావు?" అని ఆమె నవ్వింది. అతను కత్తి కింద పెట్టేసి, డాక్టరు దగ్గరికి వెళ్తానంటే గానీ తియ్యనన్నాడు. వెళ్ళింది. డాక్టరు చెప్పవలసింది చెప్పాడు, దాంతోపాటు పచ్చివి ముట్టుకోవద్దనీ చెప్పాడు. అయిదు నెలలుగా ఆమెకి కాల్చినవే. "వెల్లుల్లి తింటున్నానో ఆల్చిప్ప తింటున్నానో తెలీడం లేదు" అని గొణుగుతూ తినేది.

పోయిన శుక్రవారం మాత్రం గొణగలేదు. "వచ్చేవారం వెళ్ళిపోతున్నా. డజను నీ ఇష్టమొచ్చినట్టు కాల్చు. కొసరు మాత్రం పచ్చిది కావాలి. ఒక్కటి," అంది. అతను తల అడ్డంగా తిప్పాడు. "ఇంకెన్నాళ్ళుంటానని దాస్తావు నన్ను? అది నీ చేతిది. నీ చేత్తో ఇమ్మని అడుగుతున్నా," అంది. ఆ మాట వారమంతా అతనితో పాటు ట్రామెక్కింది, ఇంటికొచ్చింది, పక్క మీద పడుకుంది. ఇవ్వకపోతే ఆమె కోరిక తీరకుండా పోతుంది. ఇస్తే ఇంకో టోపీ. నిన్న రాత్రి ఇవ్వకూడదనుకున్నాడు. పొద్దున మీసం కత్తిరించుకుంటూ ఇద్దామనుకున్నాడు.

పదకొండున్నరకి తలుపు తెరుచుకుంది.

ఒడాలీ నీలం గౌనులో వచ్చింది. ఒళ్ళు తగ్గినకొద్దీ ఆ గౌనుని తానే మూడుసార్లు చిన్నది చేసుకుంది, అయినా భుజాల దగ్గర వదులుగానే ఉంది. మేనకోడలు ఈవెట్ ఆమెని స్టూలు మీద కూర్చోబెట్టి, "అత్తా, బండి నిలపడానికి చోటు లేదు. అరగంటలో వస్తాను," అని వెళ్ళిపోయింది.

"దానికి ఈ వాసన పడదు," అంది ఒడాలీ. "హ్యూస్టన్ పిల్ల. చేపని కూడా డబ్బాలో తప్ప చూసి ఎరగదు. ఏం టైరెల్, నోరు పడిపోయిందా ఇవాళ?"

"మీరు వెళ్ళిపోతే నన్ను తిట్టేవాళ్ళెవరని బెంగ పెట్టుకున్నా మిస్ ఒడాలీ."

"ఉత్తరం రాస్తాలే. తిట్లన్నీ వరసగా."

కాల్చిన డజను వచ్చింది. ఆమె రుమాలు విప్పి ఫోర్కు తీసింది. నెమ్మదిగా తిన్నది. ఒక్కొక్కటీ తిని బోర్లిస్తూ ఎనిమిది దాకా వెళ్ళింది, తర్వాత ఆగిపోయింది. మిగతా నాలుగూ టైరెల్‌కేసి నెట్టి, "తిను. చిప్పలు మాత్రం ఇటివ్వు," అంది. అవి కూడా తీసుకుని తన వరసలోనే బోర్లించింది. పక్కన ఎవరో కాగితం గిన్నెలో ఎర్రటి సాస్ గిలక్కొడుతున్నాడు. ఆమె వాణ్ణి ఏమీ అనలేదు.

"పన్నెండయ్యాయి ఒనేజిమ్."

ఒనేజిమ్ మంచు మూలలోంచి ఆ చిప్పని తీశాడు. ఇంకోసారి తట్టి విన్నాడు. దిమ్మకి ఆనించి కీలు దగ్గర కత్తి పెట్టాడు. రోజుకి వందల చిప్పలు విప్పే చెయ్యి ఒకసారి జారింది. రెండోసారి మొన దిగింది. పైచిప్ప లేపి, కండ అడుగున కత్తి తిప్పి, ఒక పెంకు ముక్కయినా లేకుండా వేలితో తడిమి చూశాడు. ఎండాకాలం ఆల్చిప్పలు పీలగా ఉంటాయి. ఇది నిండుగా ఉంది, చుట్టూ నీళ్ళు తేటగా ఉన్నాయి. నిమ్మబద్దతో సహా ఆమె ముందు పెట్టాడు. పెడుతుంటే రెండు చుక్కలు పాలరాతి మీద ఒలికాయి.

టైరెల్ వీపు తిప్పుకుని తన బస్తాలో ఏదో వెతకడం మొదలుపెట్టాడు.

ఒడాలీ చిప్పని రెండు చేతులతో ఎత్తుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. "అబ్బ," అంది. అంచుని పెదాలకి తెచ్చుకుంది. అప్పుడు కళ్ళు తెరిచి అతన్ని చూసింది. ఒనేజిమ్ కత్తి కింద పెట్టేసి, గుడ్డని రెండు చేతులా పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏంటయ్యా ఆ మొహం?"

"తినండి మిస్ ఒడాలీ."

"మళ్ళీ ఎవరి టోపీయో పట్టుకున్నట్టు నిలబడ్డావు."

ఆమె చిప్పని కిందకి దించింది, చుక్క ఒలకకుండా.

"మీరే అడిగారు కదా."

"అడిగాను. ఇచ్చావు. నాకు ముట్టినట్టే."

"కొసరు వద్దనకూడదు."

"నాకు నేర్పొచ్చావా మర్యాద! డెబ్బై ఒక్కేళ్ళు అది తప్పకుండా బతికాను, ఇవాళొక్కసారి తప్పుతాను." గొంతు తగ్గించింది. "తినాలనే వచ్చాను ఒనేజిమ్. వారమంతా దీని రుచే నోట్లో ఉంది. కానీ ఎటూ పోయే ప్రాణాన్ని తెచ్చి నీ చేతికి అంటించి పోతానా?"

ఒనేజిమ్ గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. ఆ గుడ్డ ఆల్చిప్పల వాసనేస్తుంది, మామూలుగా దాంతో ముఖం తుడుచుకోడు.

బయట హారన్ మోగింది. ఈవెట్ తలుపు సందులోంచి "అత్తా, పోలీసు వస్తున్నాడు!" అని పిలిచింది. ఒనేజిమ్ గట్టు చివర చెక్క పలక ఎత్తి ఇవతలికి వచ్చాడు. బేరం ఉన్న వేళలో అతను ఇవతలికి రావడం టైరెల్ ఎప్పుడూ చూడలేదు. స్టూలు మీంచి దిగడానికి ఒడాలీకి చెయ్యి అందించాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని దిగి, కిందకి చూసి నిర్ఘాంతపోయింది. మోకాళ్ళ దాకా తెల్లటి రబ్బరు బూట్లు.

"ఇవా నీ కాళ్ళు? ఇరవై తొమ్మిదేళ్ళు ఒక బాతుతో కబుర్లు చెప్పానా నేను?"

ఒనేజిమ్ నవ్వాడు. తనూ ఆమె కాళ్ళకేసి చూశాడు. నల్లటి తోలు చెప్పులు, పాతవి. ఎడమదాని పట్టీ తెగినచోట తెల్లటి మందపు దారంతో కుట్టుకుంది. ఆ దారం అతనికి తెలుసు. పదకొండేళ్ళుగా మెడ చుట్టూ ఉన్నదే.

తలుపు దాకా ముప్ఫై అడుగులుంటాయి. చాలాసేపు పట్టింది. కారులో కూర్చోబెట్టి, గౌను అంచు తలుపులో పడకుండా సర్ది మూశాడు. ఆమె అద్దం దించింది.

"శుక్రవారాలు మీసం కత్తిరించడం మానకు," అంది.

కారు మూల తిరిగేదాకా ఒనేజిమ్ ఎండలో నిలబడ్డాడు. ఆమెకి తెలుసన్నమాట. ఎప్పటినుంచి తెలుసో అడగడానికి ఇక శుక్రవారం లేదు. రోడ్డు మీద జనం అతని బూట్ల చుట్టూ తప్పుకుని పోతున్నారు. మధ్యాహ్నపు గంటలు మోగడం మొదలైతే లోపలికి వచ్చాడు.

గట్టు నిండా జనం చేరారు. టైరెల్ ఒక్కడే రెండు చేతులూ ఆడిస్తూ, అడిగినవాళ్ళకి సమాధానాలు చెబుతూ ఉక్కిరిబిక్కిరవుతున్నాడు. స్టూలు దగ్గరి చోటు ఖాళీగా ఉందని ఎవరో అటు జరగబోయారు.

"అక్కడొద్దు సార్, ఇటు రండి," అని టైరెల్ వాళ్ళని పక్కకి పిలిచి, ఒనేజిమ్‌ని చూసి గొంతు తగ్గించాడు. "తీసెయ్యనా బాబాయ్ అవి?"

"ఉండనీ," అన్నాడు ఒనేజిమ్.

కత్తి తీసుకున్నాడు. ఎదురుగా నిలబడినవాడి కళ్ళలోకి చూసి, మొదటి చిప్పని దిమ్మకి ఆనించాడు. మధ్యలో ఎప్పుడో గట్టు చివరికి చూపు పోయింది. ఒడాలీ ఎప్పుడూ ఏదీ మరిచిపోయే మనిషి కాదు. బోర్లించిన పన్నెండు చిప్పల వరస చివర, వెల్లకిలా ఉన్న పదమూడోది నీళ్ళతో సహా అలాగే ఉంది. దాని పక్కన నాలుగు మడతలు పెట్టిన రుమాలు, రుమాలు మీద శుభ్రంగా తుడిచిన మూడు పళ్ళ వెండి ఫోర్కు.